గాజుపోగుల గుత్త

మీరు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చారు. శిక్షణలో ఫైబర్ గురించి అంతా చెప్పే ఉంటారు. కాంతి ఎలా పోతుంది, గాజు ఎంత సన్నం, యంత్రం ఎలా వాడాలి, అన్నీ. మంచిదే. వాళ్లు చెప్పనివి కొన్ని నేను చెబుతాను. నా పదోన్నతుల గురించి మాత్రం ఒక్క ముక్క రాయను. అవి వచ్చినప్పుడు మా ఆవిడ పాయసం చేసింది, తిన్నాం, అంతటితో సరి.

ఖాళీ అంటే ఏమిటి

రైలు పట్టాల వెంట భూమిలో ఒక కేబుల్ పోతుంది. దాని లోపల తలవెంట్రుక లాంటి గాజుపోగులు ఉంటాయి. సిగ్నళ్లకూ, స్టేషన్ల మధ్య మాటలకూ కొన్ని పోగులు చాలు. మిగతావి ఖాళీ. ఆ ఖాళీ పోగుల్ని బయటివాళ్లకు అద్దెకివ్వడమే మా పని. బ్యాంకులకు, కాలేజీలకు, కేబుల్ టీవీ నడిపేవాళ్లకు. కడప, కర్నూలు జిల్లాల్లో ఉన్న రైలుదారులన్నీ కాళ్లరిగేలా తిరిగాను. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల దాకా ఉన్న దారిలో ఏ స్టేషన్‌లో టీ బాగుంటుందో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెబుతాను.

మొదట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మైదుకూరు నుంచి ఒక పసుపు వ్యాపారి కడప ఆఫీసుకు వచ్చాడు. తన గోడౌన్లకు ఇంటర్నెట్ కావాలట. నేను పెద్ద బోర్డు ముందు నిలబడి గీతలు గీసి వివరించాను. అంతా విని, తల గోక్కుని, "అయితే సారూ, పొలం మీదే, పంట మాది. గుత్తకు ఇస్తాండారు. అంతే గదా? దానికి ఇంత కత యాల?" అన్నాడు.

అంతే మరి! ఆ రోజు నుంచి బోర్డు పక్కన పెట్టేశాను. ఎవరొచ్చినా గుత్త అనే చెప్పేవాణ్ని. మన సీమలో గుత్త అంటే కౌలని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పొలం ఇచ్చినవాడు చేను గట్టు మీదకు రాకుండా ఉండలేడు, తీసుకున్నవాడు వానకోసం ఆకాశం చూడకుండా ఉండలేడు. మా పని కూడా అచ్చం అదే.

నా మొదటి అధికారి ఒకాయన ఉండేవారు. కోపిష్టి. చొక్కా ఇస్త్రీ నలిగినా కసిరేవారు. కానీ ఆయన చెప్పిన మాట ఒకటి నాకు చివరిదాకా పనికొచ్చింది. "పోగు ఇవ్వడం పెద్ద విద్య కాదురా. ఇచ్చాక వాడింట్లో వెలుగు ఆరకుండా చూడు, అదీ ఉద్యోగం" అనేవారు. తర్వాత వచ్చిన అధికారులకు ఎంత అద్దెకిచ్చామన్న లెక్కే కావాలి. ఇచ్చాక ఏమైందో అక్కర్లేదు. నేను ఎవరినీ తప్పుపట్టను, ఎవరి మీద ఏ ఒత్తిడి ఉందో. కానీ మీరు మాత్రం ఆ మొదటాయన మాట పట్టుకోండి.

మెత్తటి నేల

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా ఉద్యోగమంతా ఒక పక్క, ఇది ఒక్కటీ ఒక పక్క.

కోయిలకుంట్లకు ఆవల, రైల్వే స్టేషన్‌కు దగ్గరగా ఒక పెద్ద ఊరు ఉంది. పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు చదివితే వాళ్లకే తెలుస్తుంది. అక్కడ కరుణమ్మ అనే ఆమె కేబుల్ టీవీ నడిపేది. చర్చి వీధి మనిషి. భర్త యోహాను స్తంభం మీద నుంచి పడి నడుం దెబ్బతిన్నాక, చీర కుచ్చిళ్లు దోపుకుని తానే స్తంభాలెక్కింది. మొదట్లో ఊరు నవ్వింది. వాన కురిసి అందరి టీవీలూ ఆగిపోయినప్పుడు, ఆమె ఎక్కితేనే మళ్లీ వచ్చాయి. నవ్వులూ ఆగిపోయాయి.

కాలం మారింది. అందరికీ ఇంటర్నెట్ కావాలి. నంద్యాలలో ఒక పెద్ద ఆపరేటర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒక్కొక్కటే మింగుతున్నాడు. కరుణమ్మ ఉన్న కాస్త చేనూ అమ్మి యంత్రాలు కొని, మా దగ్గర ఒక జత పోగులు గుత్తకు తీసుకుంది. స్టేషన్ నుంచి ఆమె యంత్రాల గది దాకా మా కాంట్రాక్టరు కేబుల్ వేశాడు. ఊరంతా ఆమె నెట్ మీదే పడింది. స్కూలు పిల్లలు, మీసేవ, ఆసుపత్రి కాంపౌండరు, అంతా. ఒక్క వారం ఆగిపోతే చాలు, నంద్యాల ఆయన వచ్చి వీధుల్లో తీగలు కట్టేస్తాడు. ఆమెకు ఆ గదీ, ఆ యంత్రాలూ తప్ప ఇంకేం లేదు.

అంతా సవ్యంగా నడుస్తుండగా ఒక రోజు ఫోన్ చేసింది.

"సారూ, మీ వైరు యాడ పోయిందో తెలుసునా? పీర్ల గుండం కింద పోయినాది!"

చేతిలో పని పక్కన పెట్టేశాను.

ఈ ప్రాంతం కానివాళ్ల కోసం చెబుతున్నాను. మొహర్రం నెలలో మన ఊళ్లలో పీర్ల పండగ చేస్తారు. పీర్ల చావిడి ముందు గుండం తవ్వి, మొద్దులు పేర్చి నిప్పు పెడతారు. సాయిబులూ, హిందువులూ అని తేడా ఉండదు. పండగయ్యాక గుండం పూడ్చేస్తారు. మళ్లీ ఏడాది అదే చోట తవ్వుతారు. తాతల నాటి నుంచీ అదే చోటు, వెంట్రుకవాసి కూడా జరగదు.

కాంట్రాక్టరు మనుషులు వచ్చింది శనగ కోతల కాలంలో. ఊళ్లో జనం లేరు, అంతా చేలల్లో ఉన్నారు. కరుణమ్మ భర్తను తీసుకుని కర్నూలు ఆసుపత్రికి పోయింది. ఆ ఊరి నేల సంగతి మీకు తెలియదు, జానెడు మట్టి కింద నాపబండ. గడ్డపార వేస్తే నిప్పులు రేగుతాయి. వీళ్లు పాపం బండలతో కుస్తీ పడి పడి, చావిడి ముందుకు వచ్చేసరికి పార వెన్నలోకి దిగినట్టు దిగిందట. సంబరపడిపోయి అటే తవ్వుకుంటూ పోయారు. ఊరంతా బండ అయితే ఇక్కడ మాత్రమే మట్టి ఎందుకు మెత్తగా ఉందని ఒక్కడూ అడగలేదు. ఏటా తవ్వి పూడ్చిన నేల మెత్తగా ఉండక ఏమవుతుంది! తిరిగొచ్చిన కరుణమ్మ, వైరు చావిడి గోడ పక్కగా పోయుంటుందిలే అనుకుంది.

పట్టణం నుంచి వచ్చినవాళ్లు చేసే తప్పు ఇది. సీమలో పని చేసే పిల్లలారా, గట్టిగా ఉన్నచోట తవ్వండి. మెత్తగా ఉన్నచోట ఆగి, పక్కింటి తలుపు తట్టండి.

ఆ ఊళ్లో గుండం తవ్వే హక్కు తలారి నరసింహులు ఇంటివాళ్లది. పండగ దగ్గర పడుతోందని చావిడి ముందు నేల శుభ్రం చేస్తుంటే అతనికి మట్టిలో మా హెచ్చరిక పట్టీ కనబడింది. ఎర్రటి ప్లాస్టిక్ పట్టీ. దాని కిందే కేబుల్. నరసింహులు వెంటనే పోయి కరుణమ్మకు చెప్పాడు. మంచి మనిషి కాబట్టి సరిపోయింది. లేకుంటే గుద్దలి దెబ్బకే తెగేది.

అధికారి మాట, సాబు మాట

నేను మా అధికారికి ఫోన్ చేశాను. అప్పటి అధికారి వేరు. సీమకు కొత్త. తెలివైనవాడే, కానీ ఏసీ గది దాటి రాడు.

"వరదల్లో తెగిన కేబుళ్లు కలపడానికి మన జాయింటు టీమంతా పోయి ఉంది. పండగలోపు రాదు. కట్ చేసి పక్కన పెట్టు, వాళ్లొచ్చాక కలుపుదాం" అన్నాడు.

"సార్, కట్ చేస్తే ఆమె వ్యాపారం పోతుంది."

"అయితే గుండం జరపమను. మన కేబుల్ కాపాడుకునే హక్కు మనకుంది. కాదంటే పోలీసులకు చెప్పు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! పోలీసులు పీర్ల గుండం ఆపడానికి వస్తే ఊళ్లో ఏమవుతుంది? ఎవరి కోసం ఆపారు అంటే చర్చి వీధి కరుణమ్మ కోసం అంటారు. తరతరాలుగా ఒకరి పండగకు ఒకరు పోయే ఊరు రెండుగా చీలుతుంది. ఆ తర్వాత ఆమెకు పోగులుంటే ఎంత, లేకుంటే ఎంత? ఆమె నెట్ పెట్టించుకునే ఇల్లే ఉండదు. ఫోన్ పెట్టేసి, ఆ మాట ఎవరికీ చెప్పకుండా మింగేసి బస్సెక్కాను.

కరుణమ్మ బస్టాండులోనే నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. ఇద్దరం చావిడికి పోయాం. ముజావరు ఖాసీం సాబు అరుగు మీద కూర్చుని పీర్లకు కట్టే దట్టీ గుడ్డలు మడత పెడుతున్నాడు. తెల్ల గడ్డం. పీర్లను ఎత్తడం, గుండం దగ్గర పెద్దరికం చేయడం ఆయన ఇంటి బాధ్యత.

"రాండి సారూ, కూసోండి. ఏమ్మా కరుణమ్మా, నీళ్లు తాగినావా?" అన్నాడు. అంతకు ముందే నరసింహులు అన్నీ చెప్పేశాడు.

నేను వచ్చిన పని చెప్పాను. గుండం కాస్త పక్కకు తవ్వడానికి వీలవుతుందా అని నీళ్లు నమిలాను.

ఆయనకు కోపం రాలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"నాయనా, అది నాది కాదు, జరపనీకె. మా తాత పెట్టినాడు ఈడ. ఆయనకు వాళ్ల తాత చెప్పినాడు. నేను జరిపితే రేపు నా మనవడు చావిడే జరుపుతాడు. ఇంగేమన్నా అడుగు."

కరుణమ్మ లేచి నిలబడింది. "సాబు తాతా, గుండం జరపొద్దు. నేను అడగనే అడగను. మీ గుండం దగ్గర మా నాయన సన్నపిల్లోడప్పుడు పానకం తాగినాడు. నా వైరు కాలితే కాలనీ" అంది. అని ఏడ్చేసింది. ముసలాయన దట్టీ కింద పెట్టేశాడు.

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. బయటికి వచ్చి నరసింహులును వెంటబెట్టుకుని కేబుల్ గుంత దగ్గరికి పోయాను.

మన పనిలో ఒక మంచి ఆచారం ఉంది. కేబుల్ వేసేటప్పుడు ప్రతి గుంతలో కొంత కేబుల్ అదనంగా చుట్టచుట్టి వదులుతాం. దాన్ని లూపు అంటాం. ఎప్పుడైనా అవసరం పడితే తెంపకుండా లాక్కోవడానికి. ఆ లూపు నిండుగా ఉంటే, కేబుల్‌ను బతికుండగానే నేలలోంచి పైకి తీసి, గుండం చుట్టూ విల్లులా వంచి మళ్లీ పూడ్చవచ్చు. తెంపే పనే ఉండదు.

నరసింహులు నాపరాయి మూత ఎత్తాడు. లోపల లూపు ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. చేత్తో కొలిచాక మళ్లీ కూలబడింది. కాంట్రాక్టరు పిసినారితనం చూపించాడు, వదలాల్సినంత వదల్లేదు. తాడు పట్టుకుని గుండం అంచు చుట్టూ కొలిచాం. అటు కొలిచాం, ఇటు కొలిచాం. గుండం అంచుకు మూరెడు లోపలికే కేబుల్ వస్తోంది. ఆ మూరెడు దగ్గరే కాలిపోతుంది.

"ఇంగ లాగితే రాదా సారూ?" అన్నాడు నరసింహులు.

"లాగితే గాజు పగులుతుందప్పా."

ఇద్దరం తాడు పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాం. ఖాసీం సాబు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు, వెనక కరుణమ్మ. ఆయన తాడు చూశాడు, గుండం చోటు చూశాడు.

"ఎంత తక్కువైంది?"

"మూరెడు సాబూ."

ఆయన నరసింహులు వైపు తిరిగాడు. "ఏమప్పా నరసింహులూ, మీ నాయన గుండం ఎంత వెడల్పు తవ్వుతాండె?"

"ఏటికోమాదిరి తవ్వుతాండె సాబు. మొద్దులు శానా వస్తే పెద్దది, లేకుంటే సన్నది."

"ఆఁ! నాకూ అదే గుర్తు." ముసలాయన ముఖం విచ్చుకుంది. "గుండం జరగదు సారూ. యాడిది ఆడనే. కానీ ఎంత వెడల్పని మా తాత నాకు చెప్పిపోలేదు. ఈ పక్క మూరెడు తగ్గించి తవ్వుతాడు నరసింహులు. దేవునికి మనుసు కావల్ల గానీ గుంత కొలత గాదు."

ఏళ్ల తరబడి ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను, పెద్ద పెద్ద ఒప్పందాలు చూశాను. ఆ చావిడి ముందు కుదిరినంత మంచి ఒప్పందం నేను చూడలేదు. రాతకోతలేవీ లేవు.

మోత

మర్నాడు పొద్దున్నే తవ్వకం మొదలైంది. మొహర్రం నెలపొడుపు ఇంకా కనబడలేదు కాబట్టి గుండం ముట్టుకోకూడదు, కొత్త కాలువ మాత్రమే. గుండం తవ్వే తలారి ఇంటివాళ్లే కాలువ తవ్వారు. చర్చి వీధి నుంచి మగవాళ్లు వచ్చారు. సాయిబుల పిల్లలు నీళ్ల కడవలు తెచ్చారు. కూలి ఎవరూ అడగలేదు. నేను ఇస్తానంటే నరసింహులు, "మా ఊరి పండగకు మీ కూలేంది సారూ" అని కసిరాడు.

కాలువ అయ్యాక కేబుల్ ఎత్తాలి. అదీ భయం. నెట్ నడుస్తూనే ఉంది. ఎవరైనా ఒక్కరు మెలిపెట్టినా లోపల గాజు పుటుక్కున పోతుంది. జాయింటు టీము లేదు. పోతే పోయినట్టే.

అందర్నీ వరసగా నిలబెట్టాను. మనిషికి మనిషికి మధ్య చేయంత ఎడం. అందరూ వంగి, ఒక్కసారి ఎత్తి, పక్కకు అడుగులు వేయాలి. ఎవరూ ముందుపోకూడదు, ఎవరూ వెనకబడకూడదు. ఎట్లా చెప్పాలో తెలియక తంటాలు పడుతుంటే ఖాసీం సాబు అందుకున్నాడు.

"పీరును ఎత్తుకున్నట్టు ఎత్తండప్పా. అంతే!"

ఇంక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. చిన్నప్పటి నుంచీ పీర్లను చూసినవాళ్లే అందరూ. అడుగు ఎట్లా వేయాలో, బరువు ఎట్లా పంచుకోవాలో వాళ్లకు తెలుసు. కరుణమ్మ కూడా వరసలో చేరింది.

యోహాను గదిలో యంత్రం ముందు కూర్చుని, దీపాలు చూస్తూ కిటికీలోంచి కేకలేస్తున్నాడు. "వస్తాండాది! ఇంకా వస్తాండాది! మే కరుణా, పచ్చగనే ఉండాది!"

మధ్యలో ఒక చోట జనం ఆగారు. ఎవరి కాలికిందో మట్టి జారింది. యోహాను కేక ఆగిపోయింది. కరుణమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏమైందిరా యోహానూ?" అని అరిచాను.

"ఏంలే సారూ, నీళ్లు తాగుతాండా!"

ఊరంతా పగలబడి నవ్వింది. ముసలాయన అయితే కర్ర పడేసి నవ్వాడు. "నీ నీళ్లు తగలెయ్య" అని కరుణమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నవ్వుతూనే కేబుల్‌ను కొత్త కాలువలో పడుకోబెట్టాం. ఇసుక పోసి, నాపరాళ్లు పరిచి, మట్టి కప్పాం. ఊళ్లో ఎవరి ఫోన్‌లోనూ ఒక్క పాట కూడా ఆగలేదు.

మా అధికారికి ఫోన్ చేసి చెప్పాను. "గుండం జరిపారా?" అని అడిగాడు. "లేదు సార్." "కట్ చేశావా?" "లేదు సార్." "మరేం చేశావయ్యా?" అన్నాడు. ఏం చెప్పమంటారు! మీరే వచ్చి చూడండి సార్ అన్నాను. ఆయన రాలేదు, పాపం, ఆయనకే నష్టం.

ఆ ఏడాది గుండం మండినన్ని రోజులూ కరుణమ్మ ఆ తగ్గించిన మూరెడు చోట వచ్చి నిలబడిందట. అరచేయి నేలకు ఆనించి వేడి చూసుకునేదట. "నువ్వు కూడా మొక్కుతాండావేమ్మా?" అని ఎవరో ఆటపట్టిస్తే, "మొక్కను నాయనా, కాపలా కాస్తాండా" అందట. నంద్యాల ఆయన ఆ ఊరి మీద ఆశ వదులుకున్నాడని తర్వాత విన్నాను.

ఆ మూరెడు

రిటైరయ్యాక నాకు పొద్దుపోక, ఒకప్పుడు తిరిగిన స్టేషన్లన్నీ మళ్లీ చూసి వద్దామని బయల్దేరాను. టీలు తాగాను. చాలా చోట్ల నన్ను గుర్తుపట్టలేదు. బాధేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మనం వేసిన కేబుల్ నేల కింద ఉంటుంది, మనమూ అంతే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ ఊరికి పోయేసరికి పీర్ల పండగ రోజులు. నరసింహులు గుద్దలి భుజాన వేసుకుని గుండం దగ్గర ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఖాసీం సాబు అరుగు మీద ఉన్నాడు, చూపు మందగించింది కానీ గొంతు పట్టి గుర్తుపట్టేశాడు. కరుణమ్మ గదికి కొత్త రంగు వేసింది. నన్ను చూడగానే స్తంభం మీద నుంచే, "సారూ, ఈడుండండి, దిగొస్తాండా!" అని కేకేసింది.

గుండం వైపు చూశాను. ఒక పక్క ఆ మూరెడు అట్లాగే వదిలి గీత గీసి ఉంది.

నాకు మనసు కాస్త నొచ్చింది. ఎందుకంటే రోడ్డు వెడల్పు చేసినప్పుడు మావాళ్లు కొత్త కేబుల్ రోడ్డుకు అవతలి పక్క వేశారు. పాతది ఎప్పుడో తీసేశారు. ఈ సంగతి వీళ్లకు ఎవరూ చెప్పలేదేమో, ఊరికే మా కోసం గుండం తగ్గించుకుంటున్నారేమో అనుకుని ఖాసీం సాబు పక్కన కూర్చున్నాను.

"సాబూ, ఇప్పుడు దాని కింద ఏమీ లేదు. వైరు తీసేశారు. మీ గుండం మీరు నిండుగా తవ్వుకోవచ్చు."

ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"తెలుసు సారూ. తీసేసిన దినమే కరుణమ్మ వచ్చి చెప్పింది. ఇంగ మీ గుండం మీరు తవ్వుకోండి తాతా అని." మసక కళ్లతో స్తంభం దిగుతున్న ఆమె వైపు చూశాడు. "అది కూడా తవ్వేస్తే, ఏటా పండగకు ఆయమ్మ యాడ నిలబడల్ల?"

నరసింహులు గీతకు ఇవతలే గుద్దలి వేశాడు.